పాము సూది

పోయిన నెల మా మనవడికి సూది వేయించడానికి కోడలితో పాటు నేనూ వెళ్లాను. ఖమ్మంలో మేముండే ఖానాపురం హవేలిలో అంగన్‌వాడీ కేంద్రం మా ఇంటికి రెండు వీధుల అవతలే. బుధవారం కావడంతో ఐదారుగురు తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని చాప మీద కూర్చున్నారు. గోడకు సూదుల పట్టిక ఉంది. ఏ నెలలో ఏ సూది, ఏ జబ్బుకు అని రాసి ఉంది. నా పక్కనున్న అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, ఆ పట్టిక చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగి నర్సును అడిగింది. "అక్కా, కంఠసర్పి అంటే ఏంది?" నర్సు సిరంజీ కవరు చింపుతూనే చెప్పింది. "గొంతుల వచ్చే జబ్బమ్మా. తెల్లగ పొర కట్టి ఊపిరి ఆడనియ్యదు. ఇప్పుడు శానా తక్కువైంది, ఈ సూదుల పుణ్యమే." ఆ అమ్మాయి తల ఊపి, పిల్లవాడి లాగు పక్కకు జరిపింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది. నేను మాత్రం అక్కడ కూర్చోలేక బయటికి వచ్చి, పిట్టగోడ పక్కన కోడలు వచ్చేదాకా నిలబడ్డాను. ఒకప్పుడు ఇదే ప్రశ్న నన్నూ అడిగారు. నర్సు చెప్పిన ఆ నాలుగు ముక్కలే నేను చెప్పాల్సింది. చెప్పలేదు. దాని గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు, మా ఇంట్లో వాళ్లకూ చెప్పలేదు.

మాది మధిర దగ్గర పల్లె. నాన్న వరి, పత్తి వేసేవాడు. నాకు ఆరోగ్య శాఖలో ఉద్యోగం వచ్చి, భద్రాచలం దారిలో అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో పోస్టింగ్ పడేనాటికి ఇరవై మూడేళ్లు. ఎనభైల మధ్య రోజులు. కాగితాల్లో నా హోదా పొడుగ్గా ఉండేది గానీ, జ్వరాలొచ్చిన వాళ్ల వేలి నుంచి నెత్తురు చుక్క తీసుకునేవాణ్ణి కాబట్టి మొదట్లో జనం నన్ను మలేరియా సారు అన్నారు. తర్వాత సూదుల సారునయ్యాను. మా ఉపకేంద్రం ఒక పెంకుటిల్లు. ముందు గదిలో దవాఖానా, వెనక రెండు గదుల్లో మా నర్సు సలోమి సిస్టర్ కాపురం. నేను పక్కనే రేకుల గది ఒకటి కిరాయికి తీసుకున్నాను గానీ తిండి మాత్రం సిస్టర్ ఇంట్లోనే. ఆమెకు అప్పటికి నలభై ఐదేళ్లు దాటాయి. ఖమ్మం మనిషి. పిల్లలిద్దరూ ఖమ్మంలో హాస్టల్లో ఉండేవాళ్లు. భర్త ఏసుదాసు గారు కలప డిపోలో వాచ్‌మన్.

ఆ ఇంట్లో రోజు సూదులు ఉడకడంతో మొదలయ్యేది. అప్పుడు వాడి పారేసే సిరంజీలు లేవు. గాజు సిరంజీలు, ఉక్కు సూదులు, వాటిని ఉడికించే పొడుగాటి స్టీలు పెట్టె. కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్లు మరగడం మొదలైన క్షణం నుంచి ఇరవై నిమిషాలు ఉడకాలి. ఇంట్లో గోడ గడియారం ఉన్నా సిస్టర్ దాన్ని నమ్మేది కాదు. నాలుగు కీర్తనలు పాడేది. నాలుగోది అయిపోయాక స్టవ్వు ఆర్పేది. ఎప్పుడైనా హడావిడిలో మూడో కీర్తన తొందరగా లాగించిందని అనుమానం వస్తే మొదటిది మళ్లీ పాడేది. "మా ఇంట్ల సూదులు తిన్నంకనే మనుషులకు తిండి," అనేవాడు ఏసుదాసు గారు, ఖాళీ పళ్లెం ముందు కూర్చుని. మొద్దుబారిన సూదుల్ని ఆమె చిన్న రాతి మీద నూరి, మొనను దూది మీదుగా లాగి చూసేది. దూది పోగు ఒక్కటి తగులుకున్నా మళ్లీ నూరాల్సిందే. "నీ తొడకైతే గిట్లనే పొడుస్తవా?" అని నన్నడిగేది. స్పిరిటు, కిరసనాయిలు, తాలింపు కలిసిన ఆ వంటింటి వాసన నాకిప్పటికీ గుర్తుంది. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు వాసన వచ్చి వీటన్నిటి మీదా కూర్చునేది. బట్టలకు, అన్నానికి, మందుల పెట్టెకు కూడా అదే వాసన.

సిస్టర్‌కు ఒక పట్టుదల ఉండేది. సూది వేసే ముందే తల్లికి అంతా చెప్పాలి. మేం ట్రిపుల్ అని పిలిచే ఆ సూది ఒక్కటే మూడు జబ్బులకు. నెలకొకటి చొప్పున మూడుసార్లు వేయాలి, ఆ తర్వాత ఏడాదిన్నర లోపు నాలుగోది, దాన్ని బూస్టర్ అంటారు. సూది పడిన రాత్రి పిల్లకు జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, మర్నాడంతా ఏడుస్తుంది. "ముందే చెప్తె తిట్టుకుంట మళ్ల వస్తరు. దాచిపెడితే తిట్టకుంటనే రావుడు బంద్ జేస్తరు," అనేది. ఆమె చెప్పే పద్ధతిలో పని నెమ్మదిగా సాగేది. ఒక్కో తల్లి దగ్గర పావుగంట. నాకు అంత ఓపిక ఉండేది కాదు.

ఆ మూడు జబ్బులు నేను పుస్తకంలో చదివినవి కావు. చేరిన మొదటి చలికాలంలోనే కోరింత దగ్గు చూశాను. నాలుగు నెలల ఆడపిల్ల. దగ్గు తెర మొదలైతే ఊపిరి తీసుకునే సందు ఉండేది కాదు, మొహం నీలం రంగుకు తిరిగేది, చివర్న కూత లాంటి శబ్దంతో గాలి లోపలికి పోయేది. ఆ కూత వినబడేదాకా చుట్టూ ఉన్నవాళ్లం మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం. వీధి వెంట గాడిదను తోలుకొచ్చి పాలు అమ్మేవాడి దగ్గర ఉగ్గుగిన్నెడు పాలు పట్టించారు. పిల్ల దక్కలేదు. కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దిన పసివాళ్లు, వారం తిరిగేసరికి ధనుర్వాతంతో విల్లులా వంగిపోవడం కూడా చూశాను. కాబట్టి ఆ సూది విలువ తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

మా పరిధిలో రోడ్డుకు దూరంగా ఒక గూడెం ఉండేది. అక్కడి వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి దాని పేరు రాయడం లేదు. వాగు దాకా సైకిలు, వాగు దాటాక నడక. పాతిక గడపలుంటాయి. ఇంట్లో వాళ్ల భాష వేరు. సంతలోనూ మాతోనూ తెలుగు మాట్లాడేవాళ్లు. నాకంటే ముందున్న ఆయన ఎవరికో సూది వేస్తే జ్వరం వచ్చిందట, దాంతో సూదుల పెట్టె కనబడితే చాలు తల్లులు పిల్లల్నెత్తుకుని చేలోకి వెళ్లిపోయేవాళ్లు. రెండు నెలలు వరసగా ఐసు పెట్టె మోసుకుంటూ వెళ్లి, మందు అట్లాగే తిరిగి తెచ్చాను. నెలాఖరు మీటింగులో ఎవరెవరు ఎందరికి వేశారో అందరి ముందూ చదివేవాళ్లు. నా పేరు దగ్గర ఆ గూడెం వంతు సున్నా అని చదివినప్పుడు వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

మూడో నెల వెళ్లినప్పుడు వానలు అప్పుడే వెనకబట్టాయి. ముత్తయ్య అనే అతని ఇంటి ముందు పందిరి కింద పదిమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ముత్తయ్య నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, మాట మంచివాడు. అతని భార్య జోగమ్మ ఎనిమిది నెలల కొడుకును చంకనేసుకుని దూరంగా నిలబడింది. నేను శాఖ వాళ్లు ఇచ్చిన కరపత్రం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటి నుంచి మీ బిడ్డను కాపాడుకోండి అని. ముత్తయ్య తండ్రి, చుట్ట కాలుస్తున్న ముసలాయన, చెయ్యెత్తి నన్నాపాడు.

"ఏందది సారు? మొదటిది?"

"కంఠసర్పి."

"సర్పి." ముసలాయన ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పాడు. "సర్పమా? పామేనా?"

నేను జవాబు చెప్పేలోపే ముత్తయ్య వాళ్ల భాషలో ఏదో అన్నాడు. పందిరి కింద కదలిక వచ్చింది. ఆ గూడెంలో కిందటి వానల్లోనే ఇద్దరు పిల్లలు పాము కరిచి పోయారు. ముత్తయ్య నా వైపు తిరిగాడు. "పాముకు సూది వచ్చిందా సారు?"

అది గొంతు జబ్బు పేరని నాకు తెలుసు. ఆ పేరులో సర్పి ఎందుకుందో మాత్రం తెలియదు, ఆ ముసలాయన అడిగేదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. కరపత్రం రాసినవాళ్లూ ఆలోచించి ఉండరు. చేలోకి వెళ్లబోయిన ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరగడం చూశాను. నేనన్నాను, "మూడు సూదులు పడాలి. ఒకటి వేయించుకుని మానేస్తే పని చేయదు." ఈ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకోగలిగాను.

ఆ రోజు తెచ్చిన మందు సరిపోలేదు. జోగమ్మ ముందు వరసలో నిలబడింది. కొడుకు పేరు సమ్మయ్య అని కార్డు మీద రాయించి, "తేలుకు గూడ పన్జేస్తదా సారు?" అనడిగింది. ముత్తయ్య అందుకున్నాడు. "తేలుకెందుకు? నీ నోరు జూస్తె అదే ఉరుకుతది." జోగమ్మ అతని వైపు చూడకుండానే, "మరి నువ్వు ఉరకకపోతివేంది?" అంది. గూడెమంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే సమ్మయ్య తొడ మీద దూదితో తుడిచి సూది వేశాను. వాడు ఏడవబోయి, నా చేతిలోని సీసాను చూసి ఆగాడు. మబ్బు రంగు మందు, ఊపితే నురగ కట్టేది.

జ్వరాలు వచ్చాయి, ఎవరూ ఏమీ అనలేదు. పామును ఆపే మందుకు ఆ మాత్రం వేడి ఉంటుందని వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు. రెండో నెల, మూడో నెల పిలవకుండానే వచ్చారు. ఆ పేరు వాగు దాటి పక్క గూడేలకు కూడా పోయింది. పాము సూది. మీటింగులో ఆఫీసరు నన్ను నిలబెట్టి, కొత్తగా చేరిన పిల్లవాణ్ణి చూసి నేర్చుకోండి అన్నాడు. వెనక బెంచీలో ఎవరూ నవ్వలేదు.

సిస్టర్ చెవిన పడటానికి ఎంతో కాలం పట్టలేదు. పక్క గూడెం నుంచి కాన్పుకొచ్చిన ఒకామె చెప్పిందట. మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది.

"పాము సూది అంటున్నరు. ఏంది కథ?"

నేను ముసలాయన సంగతి నవ్వొచ్చేలా చెప్పాను. ఆమె నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నువ్వేమన్నవ్?"

"నేనేమీ అనలేదు సిస్టర్. వాళ్లే అనుకున్నారు."

"అనుకుంటుంటే ఊకున్నవ్. రేపొద్దుగాల ఎవలికన్న పాము కరిస్తే? సూది ఉంది గదా అని ఇంట్ల కూసుంటే?" మళ్లీ గరిటె అందుకుని, "వచ్చే నెల పొయ్యి నువ్వే చెప్పాలె. నేను జెప్తె నీ మాటకు ఇలువ పోతది," అంది.

వచ్చే నెల వెళ్లాను. చెప్పలేదు. మూడో సూది అయిపోనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. మూడోది అయింది. బూస్టర్ కూడా అయిపోతే ఇక భయం లేదు అనుకున్నాను. "చెప్పినవా?" అని సిస్టర్ అడిగితే "చెప్పాను సిస్టర్" అన్నాను. ఆమె నన్ను మళ్లీ అడగలేదు. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు, అందుకని ఎదుటివాళ్లు ఆడతారని ఊహించేది కాదు.

బూస్టర్ వంతు ఎండాకాలంలో, బీడీల తునికాకు కోసే రోజుల్లో పడింది. ఆ వారం గూడెంలో సగం ఇళ్లు ఆకు కోతకు అడవి లోపలికి పోయాయి. సమ్మయ్య వాళ్ల ఇంటికి తడిక కట్టి ఉంది. జోగమ్మ సూది రోజు దాకా ఆగుదామందట, ముత్తయ్య ఆకు ముదిరిపోతుంది, సూది మళ్లీసారి వేయిద్దామన్నాడట. ఇది నాకు తర్వాత తెలిసింది. వాడి కార్డులో నాలుగో గడి ఖాళీగా వదిలేశాను. మళ్లీసారి నేను అడగలేదు, వాళ్లూ రాలేదు.

ఆ తర్వాతి ఇప్పపువ్వు కాలంలో, ఒక రోజు పొద్దు బాగా ఎక్కాక, నేను ఉపకేంద్రం అరుగు మీద కూర్చుని నెత్తురు చుక్కలు తీసిన గాజు పలకల మీద పేర్లు రాస్తున్నాను. నలుగురు మనుషులు కర్రకు కట్టిన మంచంతో రోడ్డు దిగి వచ్చారు. ముందు ముత్తయ్య. మంచంలో సమ్మయ్య. అప్పటికి వాడికి మూడేళ్లు నిండాయి. తల్లి వెంట పువ్వు ఏరడానికి పోయి ఎండుటాకుల్లో చెయ్యి పెట్టాడు.

"పాము ముట్టింది సారు," అన్నాడు ముత్తయ్య. రొప్పుతున్నాడు గానీ గొంతులో ఇంకా ధైర్యం ఉంది. "సూదులు పడ్డయ్ గద, ఏంగాదనుకున్నం. ఇగో, కండ్లు మూతలు పడుతున్నయ్."

"ఎప్పుడు?"

"పొద్దు పొడవంగ."

"ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు?" అని అరిచాను. ఆ మాట అడగడానికి నాకు హక్కు లేదని నోరు దాటాక తెలిసింది.

జోగమ్మ వెనక నుంచి ముందుకొచ్చింది. "ఇంటికాడ పండుకోబెట్టి జావ తాగిచ్చిన. మూడు పడాలె అన్నవ్ గద సారు. మూడూ పడ్డయ్."

పిల్లవాడి రెప్పలు వాలిపోయి ఉన్నాయి. పెదవి చివర నుంచి జావ చొంగతో కలిసి కారుతోంది. మా దగ్గర పాము విషానికి మందు లేదు. అది పెద్ద దవాఖానాలోనే, గోదావరి అవతల. సిస్టర్ రోడ్డుకు అడ్డంగా నిలబడి కలప లారీని ఆపింది. జోగమ్మ, ముత్తయ్య, నేను ఎక్కాం. దారిలో వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గోదావరి వంతెన ఇంకా కనబడకముందే నా చెయ్యి కింద కదలిక ఆగిపోయింది. నేను చెప్పలేదు. జోగమ్మే తెలుసుకుని, డ్రైవరు వెనక రేకు మీద అరచేత్తో కొట్టి, "ఆపు," అంది. పొద్దున్నే బయల్దేరి ఉంటే వాడు బతికేవాడని నేను ఇక్కడ రాయగలను. రాస్తున్నాను.

సాయంత్రం సిస్టర్ నన్ను నిలదీయలేదు. "నువ్వు చెప్పిన అన్నవ్ గద," అని మాత్రం అంది. "నమ్మలేదేమో సిస్టర్," అన్నాను. ఆమె స్టవ్వు వత్తి సరిచేసింది. "అట్లయితే మళ్ల పో. కూసోబెట్టి చెప్పు. ఇంకొక పిల్లగాడు గిట్ల పోవద్దు."

వారం తర్వాత వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. వాగు దాటేటప్పుడు మాటలు కూడా వరసగా పెట్టుకున్నాను. అదే పందిరి కింద అందరూ కూర్చుని ఉన్నారు. ముసలాయన చుట్ట వెలిగించలేదు. నేను కూర్చోగానే ముత్తయ్యే అడిగాడు. కోపంగా అడిగి ఉంటే నాకు నోరు వచ్చేదేమో. అతను తెలుసుకోవడానికి అడిగాడు, పాఠం అర్థం కాని పిల్లవాడు అడిగినట్టు.

"మూడు సూదులు పడ్డా ఎందుకు పని జెయ్యలె సారు? మాదేమన్న తప్పా?"

చుట్టూ చూశాను. నేను సూదులు వేసిన పిల్లలందరి తల్లులూ ఉన్నారు. నిజం చెబితే ఇక వీళ్లెవరూ ఏ సూదీ వేయించరు, కోరింత దగ్గు వస్తే ఈ గూడెంలో ఎంతమంది పోతారో అనుకున్నాను. ఈ ఆలోచన వచ్చిన మాట నిజమే. కానీ దానికంటే ముందు వచ్చింది భయం. నన్నేం చేస్తారో, పై వాళ్లకు తెలిస్తే నా ఉద్యోగమేమవుతుందో అని. పిల్లల మీది దయ ఆ భయం వెనక నుంచి వచ్చి దానికి కండువా కప్పింది, అంతే.

"నాలుగోది పడలేదు కదా," అన్నాను. "బూస్టర్."

జోగమ్మ తల తిప్పి ముత్తయ్యను చూసింది. ఒక్కసారే. ముత్తయ్య నేల చూశాడు. ఆ చూపు ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. నేను ఇంకొక్క మాట అంటే ఆ నింద అక్కడే ఆగిపోయేది. నేను పెట్టె తాడు సవరించుకుని లేచాను.

తిరిగొచ్చాక సిస్టర్ గుమ్మంలోనే అడిగింది, "చెప్పినవా?" చెప్పాను అన్నాను. ఆమె నా మొహం చూసింది. నేను ఏడ్చి ఉన్నాను, దాన్ని ఆమె ఇంకో రకంగా అర్థం చేసుకుంది. ఆ ఆదివారం కోడికూర వండి, అన్నం ముందు ప్రార్థనలో నా పేరు చెప్పి, తప్పు ఒప్పుకునే గుండె ఈ పిల్లగానికి ఇచ్చినందుకు వందనాలు అంది. ఏసుదాసు గారు ఆమెన్ అన్నాడు. ఆ ముద్దలు ఎలా మింగానో చెప్పలేను, కానీ మింగాను. రెండోసారి కూర కూడా వేయించుకున్నాను. వానలు మొదలయ్యాక ఆమెకు నేలకొండపల్లి వైపు బదిలీ అయింది. చాలా ఏళ్లకు, అక్కడే రిటైరయ్యాక పోయిందని విన్నాను. నా గురించి ఆ మంచి అభిప్రాయంతోనే పోయి ఉంటుంది.

గూడెంలో ఆ తర్వాత బూస్టర్ ఎవరూ తప్పలేదు. నేను భయపడి ఒక అతుకు వేశాను. సూదులు అన్నీ పడినా సరే, పాము కరిస్తే ఆ క్షణమే దవాఖానాకు రావాలి అని ప్రతి ఇంటికీ చెప్పాను. అబద్ధాన్ని తియ్యకుండా దాని పక్కన నిజాన్ని నిలబెట్టాను. నేనున్న ఇంకో రెండేళ్లలో అక్కడ కోరింత దగ్గు రాలేదు, ధనుర్వాతంతో పసిబిడ్డ పోలేదు. ఈ లెక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒకడు పోయాడు, చాలామంది బతికారు అని. అయితే సలోమి సిస్టర్ తిరిగిన గూడేల్లో కూడా పిల్లలు బతికారు. అక్కడ ఆమె ఒక్కో తల్లి దగ్గర పావుగంట కూర్చుని జ్వరం సంగతీ, జబ్బు సంగతీ చెప్పింది, వాళ్లు తిట్టుకుంటూ మళ్లీ వచ్చారు. నాకు వచ్చిన అంకె ఆమెకు ఏడాది ఆలస్యంగా వచ్చింది. తేడా అంతే. ఇప్పటి సూదులు ఒక్కసారి వాడి పారేసేవి, ఒకే సూదిలో ఐదు జబ్బులకు మందు ఉంటోంది, ఫోనుకు ఫలానా రోజు రండి అని మెసేజీ వస్తోంది. మా కోడలు ప్రశ్నలడిగితే నర్సు విసుక్కోకుండా చెబుతోంది. మా కాలంలో సామాను తక్కువ అని అంటుంటారు. నాకు తక్కువైంది సామాను కాదు.

ఆ బుధవారం తర్వాత పది రోజులు ఆలోచించి, ఇంట్లో భద్రాచలం దర్శనానికని చెప్పి బస్సెక్కాను. ఇంకో అబద్ధం. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది, గూడెం దాకా ఆటో పోతుంది. జోగమ్మ ఇంటి ముందు పట్టా మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను పేరు చెప్పబోయేలోపే, "సూదుల సారు గద," అని గిన్నె పక్కకు జరిపింది. కూతురు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి లోపలికి పోయింది. సమ్మయ్య తర్వాత పుట్టిన పిల్లట, ఇప్పుడు అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచరు.

నేను చుట్టూ తిప్పకుండా చెప్పాను. కంఠసర్పి అంటే గొంతు జబ్బు అని, పాముకూ ఆ సూదికీ ఏ సంబంధమూ లేదని, అది నాకు మొదటి రోజే తెలుసని. నాలుగో సూది పడినా సమ్మయ్యను అది కాపాడేది కాదని. ఆమె గింజ తీయడం ఆపలేదు.

"ఇప్పటి సూదులు పాముకు కావని నా బిడ్డ చెప్పింది," అంది. "అప్పటియి వేరే ఉండె కావచ్చు అనుకున్న."

"లేదు. అప్పటివీ ఇవే."

"అయితే తునికాకుకు పోకున్నా పోతుండె వాడు."

"ఇంట్లో ఆగకుండా ఉంటే బతికేవాడు. ఆగింది నా వల్ల. ముత్తయ్యది ఏ తప్పూ లేదు."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. "ఎన్నేండ్లన్ననో తెల్సా సారు?" అంది. గొంతు పెంచలేదు. "ఏదన్న మాట మీద మాట వస్తే సాలు, చివరికి అదే అంటుంటి. ఆకుకు పోదామన్నది నువ్వే అని. నీ ఆకు కోసం నా కొడుకు పోయిండని. కూతురికి సూదులకు ఆయన్ను రానియ్యలే, నేనే ఎత్తుకపోయిన. ఒక్కనాడు గూడ ఎదురు చెప్పలే. ముందు ఎంత మాట్లాడేటోడు. నువ్వు జూసినవ్ గద." చింతపండు ముద్దను పట్టా అంచుకు నెట్టింది. "రెండేండ్లాయె ఆయన పోయి. ఇంకింత ముందు రాకపోతివి."

నేను తప్పయిందని అన్నాను. ఆ మాట ఆమె విననట్టే లేచి, చీర దులుపుకుని, "రా," అంది. ఇళ్ల వెనక దారి పట్టింది. నేను వెంట నడిచాను. గూడెం దాటాక, జీడిమామిడి చెట్ల అవతల వాళ్లు పోయిన మనుషుల్ని పూడ్చిపెట్టే చోటు. నిలువు రాళ్లు వరసగా లేవు, ఎవరికి వీలైన చోట వాళ్లు పాతారు. ఒక రాయి ముందు ఆగి, దాని మీద పడిన ఆకులు చేత్తో తీసేసింది.

"నాకు జెప్పినవ్. ఈయనకెవలు చెప్తరు?" అంది. "చెప్పు."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె తొందర పెట్టలేదు, వెళ్లిపోనూ లేదు. చివరికి, "ముత్తయ్యా, ఆ సూది పాముది కాదు. నీ తప్పు లేదు. నేనే చెప్పలేదు," అన్నాను.

"గట్టిగ చెప్పు సారు," అంది జోగమ్మ. "ఆఖరుకు చెవులు వినబడలే ఆయనకు."

రెండోసారి గట్టిగా చెప్పాను.